ఫోన్లో వినిపించే దగ్గు

ఆస్పత్రి మూడో అంతస్తులో, రక్తం తీసే గదికీ మెట్లకీ మధ్య ఇరుక్కున్న చిన్న గదిలో కూర్చునే ఆవిడకి రోగులు పెట్టిన పేరు ఫోనమ్మ. అసలు పేరు మెళ్ళో వేలాడే కార్డు మీద ఉంది గానీ, దాన్ని చదివే ఓపిక ఎవరికుంది? ఊపిరితిత్తుల కేన్సరు బాగా ముదిరినవాళ్ళకి ఒక్క మందే ఇస్తే మేలా, రెండు మందులు కలిపి ఇస్తే మేలా అని తేల్చే పరిశోధన ఒకటి ఆ ఆస్పత్రిలో నాలుగేళ్ళుగా నడుస్తోంది. మందులు ఎక్కించేది నర్సులు. స్కానులు చూసి తల ఊపేది పెద్ద డాక్టరు. మందు ఆపేసి ఇంటికి వెళ్ళిపోయినవాళ్ళు ఇంకా ఉన్నారో లేదో పన్నెండు వారాలకోసారి ఫోన్ చేసి కనుక్కునేది ఫోనమ్మ.

పని చూడ్డానికి చిన్నదే. కాగితం మీద రెండు గళ్ళుంటాయి. బతికి ఉన్నారు, చనిపోయారు. ఏదో ఒక దాంట్లో టిక్కు పెట్టాలి. కింద ఇంకో గీత మీద, ఆ మాట ఎవరు చెప్పారో రాయాలి. ఇంట్లోవాళ్ళో, రోగి నంబరు రాయించిన వాళ్ళో ఎవరు చెప్పినా చాలు. కానీ పొద్దున్నే ఫోన్ చేసి "మీ ఆయన ఉన్నారా, పోయారా" అని అడగడానికి నోరెలా వస్తుంది? అందుకని ఆవిడ తనకంటూ ఒక పద్ధతి పెట్టుకుంది. "ఎలా ఉన్నారండీ ఆయన?" అని అడిగి ఊరుకుంటుంది. అవతలివాళ్ళు ఊపిరి తీసుకునే తీరులోనే సగం జవాబు తెలిసిపోతుంది. ఇక వెనకాల దగ్గు వినిపించిందా, ఆవిడ ప్రాణం కుదుటపడుతుంది. లోకమంతా దగ్గు వింటే బెదిరిపోతుంది గానీ, ఆ గదిలో మాత్రం అది శుభవార్త. దగ్గుతున్నాడంటే ఉన్నాడన్నమాటే కదా.

సోమవారం తాళాలాయన వంతు వచ్చింది.

ఆ పరిశోధనలో చేరినవాళ్ళందరిలోకీ ఎక్కువకాలం నిలబడిన మనిషి తాళాలాయనే. తాళాలు బాగుచేసే కొట్టు ఆయనది. ఈ గదిలోకి మొదటిసారి వచ్చినరోజున ఫోనమ్మ బల్ల సొరుగు బిగుసుకుపోయి, ఆవిడ దానితో కుస్తీ పడుతోంది. ఆయన కుర్చీలో కూర్చోకుండానే భార్య జడలోంచి పిన్ను లాగి, సొరుగు సందులో పెట్టి, చెవి దగ్గరగా ఆనించి ఏదో విన్నాడు. "చెడిపోలేదమ్మా ఇది, అలిగింది" అన్నాడు. సొరుగు వచ్చేసింది. అప్పట్నించీ ఒక్కసారి కూడా అది బిగుసుకోలేదు.

"ఎలా ఉన్నారండీ ఆయన?" అంది ఫోనమ్మ.

"ఉన్నారమ్మా. ఆయనెక్కడికి పోతారు?" అంది తాళాలాయన భార్య.

వెనకాల దగ్గు వినిపించింది. రెండు పొట్టివి, ఒకటి పొడుగుది, చివర సన్నటి ఈల. తాళాలాయన దగ్గంటే అదే. వంద దగ్గుల్లో కలిపేసినా ఆవిడ పోల్చుకోగలదు. మొదటి గడిలో టిక్కు పెట్టి, కింద గీత మీద "భార్య" అని రాసింది. అక్కర్లేకపోయినా పక్కన చిన్నగా "దగ్గు వినిపించింది" అని కూడా రాసుకుంది. కాగితం సొరుగులో పెట్టి మెత్తగా తోసింది.

ఆ సంతోషం ఇంకా మొహం మీద ఉండగానే బస్సు డ్రైవరు, వాళ్ళక్క వచ్చి కూర్చున్నారు. ఆయనకి యాభై దాటి ఉంటాయి. చొక్కా వదులైపోయింది గానీ ఇస్త్రీ మడత చెడలేదు. అక్క సంచీలో మందుల చీటీలు, స్కాను ఫొటోలు, ఆయన కోసం ఫ్లాస్కులో వేడినీళ్ళు ఉన్నాయి. పెద్ద డాక్టరు అంతా చెప్పి పంపాడు. శుక్రవారంతో చేర్చుకోవడం ఆపేస్తారు. చేరేదీ లేనిదీ గురువారంలోగా తేల్చుకోవాలి.

ఫోనమ్మ పన్నెండు పేజీల కాగితం తీసి వేలు పెట్టి చూపిస్తూ చదివింది. ఒక మందు వస్తుందో రెండూ వస్తాయో కంప్యూటరు తేలుస్తుందనీ, డాక్టరు చేతిలో కూడా లేదనీ, ఎప్పుడు కావాలన్నా మానేసి వెళ్ళిపోవచ్చనీ చెప్పింది. ఆయాసం, దద్దుర్లు, విరేచనాలు ఒక్కోటీ వినిపించింది. డ్రైవరు బుద్ధిగా విన్నాడు.

"ఇరవై అయిదేళ్ళు బస్సు నడిపానమ్మా. ఎక్కేవాడు ఎవడైనా సరే, మెట్టు మీద కాలు పెట్టి ఒకటే అడుగుతాడు. ఈ బస్సు అక్కడిదాకా పోతుందా అని. నేనూ అదే అడుగుతున్నా" అన్నాడు.

"ఎంతకాలమని నేను చెప్పలేనండీ. ఎవరూ చెప్పలేరు."

"అయితే అందరికీ ఇచ్చే మామూలు మందేదో మా ఇంటి పక్క ఆస్పత్రిలోనే ఎక్కించుకుంటాను. ఇంత దూరం వచ్చి, ఇన్నిసార్లు సూదులు పొడిపించుకోవడం దేనికి?" అని ఆయన సగం లేచాడు. అక్క చెయ్యి పట్టుకుని మళ్ళీ కూర్చోబెట్టింది.

అప్పుడే ఫోనమ్మ అనకూడని మాట అనేసింది. "ఒకాయన ఉన్నారండీ. రెండు మందులూ పడ్డాయి. మీకున్నంత జబ్బే. మూడేళ్ళ రెండు నెలలయింది. ఇవాళ పొద్దున్నే మాట్లాడాను."

మాట్లాడింది ఆయనతో కాదు, ఆయన భార్యతో. ఆ ముక్క నోట్లోంచి జారేటప్పుడే ఆవిడకి తెలుసు. అయినా సరిదిద్దుకోలేదు. డ్రైవరు మొహంలో ఆ క్షణాన వచ్చిన మార్పు చూస్తే ఎవరికీ సరిదిద్దబుద్ధి కాదు.

"మూడేళ్ళా?" అంది అక్క. కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుంది. ఆవిడ తమ్ముడి గురించి ఎంత బెంగపడే మనిషో చెప్పడానికి ఒక్కటి చాలు. ఆయన బస్సెక్కిన మొదటి రోజు నించీ, ప్రతి సాయంత్రం డిపోకి ఫోన్ చేసి బండి చేరిందా అని అడిగేదట. డిపోలో అందరికీ ఆవిడ గొంతు తెలుసుట. డ్రైవరే చెప్పి నవ్వాడు. "మా తమ్ముణ్ణి ఆయనతో ఒక్కసారి మాట్లాడించమ్మా. ఒక్క నిమిషం చాలు" అంది అక్క.

"పేరు, వివరాలు బయట పెట్టకూడదండీ. ఆయన ఒప్పుకుంటేనే."

"అడిగి చూడండి. ఆయన గొంతు వింటే గురువారం వచ్చి సంతకం పెట్టేస్తాను" అన్నాడు డ్రైవరు.

మంగళవారం పొద్దున ఫోనమ్మ మళ్ళీ తాళాలాయన ఇంటికి ఫోన్ చేసింది. పన్నెండు వారాల లెక్క తప్పి, మర్నాడే ఫోన్ రావడంతో అవతలి గొంతు తడబడింది.

"ఆయనతో ఒక్కమాట మాట్లాడాలండీ."

"పడుకున్నారమ్మా."

మధ్యాహ్నం చేస్తే ఇప్పుడే అన్నం తిని నడుం వాల్చారంది. నాలుగింటికి చేస్తే స్నానానికి వెళ్ళారంది. ఆ మాట అంటుండగానే దగ్గు వినిపించింది. రెండు పొట్టివి, ఒకటి పొడుగుది, చివర ఈల. అది స్నానాలగదిలోంచి వచ్చినట్టు లేదు. ఫోను పక్కనుంచే వచ్చింది.

ఫోనమ్మ రిసీవరు పెట్టేసి తాళాలాయన ఫైలు దించింది. మందు ఆపేసిన తర్వాతి ఫోన్ల కాగితాలన్నీ వరసగా పరిచింది. మొదటి మూడింటి మీద "స్వయంగా" అని రాసి ఉంది. ఆ మూడుసార్లూ ఆయనే ఫోనెత్తి, సొరుగు ఎలా ఉందని అడిగాడు. ఆ తర్వాతవి ఎనిమిది. ఎనిమిదింటి మీదా "భార్య" అనే ఉంది. ఆరింటి పక్కన తన చేతిరాతలోనే "దగ్గు వినిపించింది" అని ఉంది.

ఎనిమిదిసార్లు. దగ్గరదగ్గర రెండేళ్ళు. బల్ల సొరుగుతో కూడా కబుర్లు చెప్పే మనిషి, ఒక్కసారి ఫోను తీసుకుని నాలుగు మాటలు మాట్లాడలేదేం? ఎప్పుడూ దగ్గడమేనా? అది తనకి ఇన్నాళ్ళూ తోచలేదేం? తోచకపోవడం కాదు, తోచనివ్వలేదు. ఎన్నో కాగితాల మీద రెండో గడిలో టిక్కు పెట్టీ పెట్టీ చెయ్యి విసిగిన మనిషికి, మొదటి గడిలో టిక్కు పెట్టే కాగితం ఒక్కటుంటే దాన్ని గట్టిగా దులిపి చూస్తుందా? ఆ రోజు క్యారేజీ మూత తియ్యకుండానే ఇంటికి తీసుకుపోయింది. రక్తం తీసే గదిలో ఎవరో దగ్గితే ఉలిక్కిపడి అటు చూసింది.

బుధవారం మధ్యాహ్నం సెలవు చీటీ రాసిచ్చి బయల్దేరింది. పాత ఇళ్ళ వరసలో ఇరుకు సందు చివర ఆ ఇల్లు. ముందుగదే కొట్టు. రేకు తలుపు సగం దించి ఉంది. వంగి లోపలికి చూస్తే గోడ నిండా మేకులు, మేకు మేకుకీ తాళంచెవుల గుత్తులు. బల్ల మీద ఆకురాయి, చిన్న పట్టకారు, నూనెడబ్బా. ఇత్తడి పొడి కూడా తుడవకుండా అలాగే ఉంది.

తాళాలాయన భార్య ఆవిణ్ణి చూడగానే గుర్తుపట్టి, చేతిలో ఉన్న గుడ్డ మడత పెట్టింది. విప్పింది. మళ్ళీ మడత పెట్టింది. "రామ్మా" అని కుర్చీ తుడిచి వేసింది. నీళ్ళిచ్చింది. ఆస్పత్రి విశేషాలడిగింది. ఆయన మాట మాత్రం ఎత్తలేదు. ఫోనమ్మకీ ఎలా మొదలుపెట్టాలో తెలియక గ్లాసు పట్టుకుని కూర్చుంది.

అప్పుడు లోపలి గదిలోంచి దగ్గు వినిపించింది. రెండు పొట్టివి, ఒకటి పొడుగుది, చివర ఈల.

"కాసిని మంచినీళ్ళు తాగండి" అంది ఆవిడ, తల కూడా తిప్పకుండా, ఎన్నో ఏళ్ళ అలవాటుతో.

ఫోనమ్మకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అనవసరంగా అనుమానపడ్డానని సిగ్గేసింది. గ్లాసు కింద పెట్టి గబగబా లేచి, గుమ్మం దాకా వెళ్ళి, చేతులు జోడించి, "నమస్కారమండీ, బాగున్నారా" అంది.

గదిలో ఎవరూ లేరు. గోడవార మంచం మీద పరుపు చుట్టి ఉంది. కిటికీ దగ్గర పంజరంలో బూడిదరంగు చిలక ఒకటి తల ఒక పక్కకి వంచి ఆవిణ్ణి చూసింది. మెడ సాచి, గొంతు ఉబ్బించి దగ్గింది. తర్వాత గిన్నెలో ముక్కు ముంచి నీళ్ళు తాగింది.

ఫోనమ్మ చేతులు అలా జోడించే ఉన్నాయి. వెనక నించి భార్య వచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

"కొట్లో ఆయన పక్కనే ఉండేదమ్మా అది. నా మాట ఒక్కటీ పట్టలేదు. ఆయన పాట కూడా పట్టలేదు. దగ్గు ఒక్కటే పట్టింది."

"ఎప్పుడండీ?" అంది ఫోనమ్మ.

"అప్పుడే ఏడాదిన్నర దాటింది. ఆయన పోయి రెండు వారాలు కూడా కాలేదు, నీ ఫోనొచ్చింది. ఇంటినిండా మనుషులు. అందరూ పోయినాయన మాటలే. కొట్టేం చేస్తావు, పనిముట్లు ఎవరికిస్తావు అంటున్నారు. నువ్వొక్కదానివే ఎలా ఉన్నారని అడిగావు. బాగానే ఉన్నారని నోట్లోంచి వచ్చేసింది. చెప్పేద్దామనే అనుకున్నానమ్మా. నువ్వేమో 'హమ్మయ్య' అన్నావు. ఎంత సంతోషంగా అన్నావో! ఆ హమ్మయ్య విన్నాక ఇంకేం చెప్పను?"

ఫోనమ్మ మంచం పట్టె మీద కూర్చుండిపోయింది. కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. తన హమ్మయ్య తనకే గుర్తుంది. ప్రతిసారీ అనేది.

"తర్వాత తర్వాత నీ ఫోను కోసం చూసేదాన్ని. క్యాలెండరులో గుర్తు పెట్టుకునేదాన్ని. ఆ అయిదు నిమిషాలూ ఆయన వెనకగదిలో ఉన్నట్టే ఉండేది. ఫోను పెట్టేశాక అన్నం వండుకునేటప్పుడు కూడా కాసేపు ఉండేవారు. దానివల్ల ఎవరికైనా చెడు జరిగిందామ్మా?"

లేదండీ అని చెప్పెయ్యాలని ఫోనమ్మకి ఎంతో అనిపించింది. ఆ మాటతో ఇద్దరికీ తేలికైపోతుంది.

"ఒక డ్రైవరున్నాడండీ. ఆయనకి మందంటే నమ్మకం లేదు. మీ ఆయన్ని చూపించి ధైర్యం చెప్పాను. రేపు వస్తాడు. మీ ఆయన గొంతు వింటానన్నాడు."

భార్య పంజరం వంక చూసింది. తర్వాత కొట్లోకి వెళ్ళింది. తాళంచెవులు కదిలిన చప్పుడు. ఒక రేకుపెట్టె తెరిచి, మడతలు పడ్డ కాగితం ఒకటి తెచ్చింది. మరణధ్రువీకరణ పత్రం. తారీఖు స్పష్టంగా ఉంది. ఫోనమ్మ మనసులోనే వేళ్ళు మడిచింది. మందు మొదలుపెట్టినప్పట్నించీ పద్దెనిమిది నెలలు. మూడేళ్ళ రెండు నెలలు కాదు.

"ఇది తీసుకెళ్తే ఇంక ఫోన్ రాదు కదూ?" అంది భార్య.

"రాదండీ. పేరు తీసేస్తారు."

"అలాగే" అని ఆవిడ కాగితం ఇచ్చింది. ఇచ్చాక కూడా ఒక కొస వెంటనే వదల్లేదు.

సందు మలుపు తిరుగుతుంటే మళ్ళీ ఆ దగ్గు వినిపించింది. చిలకదేనని తెలుసు. అయినా ఫోనమ్మ ఆగి, వెనక్కి తిరిగి, సగం దించిన రేకు తలుపు వంక చూసింది.

గురువారం పొద్దున్నే ఆ పత్రం పెద్ద డాక్టరు బల్ల మీద పెట్టింది. ఆయన చదివాడు. అద్దాలు తీసి మళ్ళీ చదివాడు. ఆయనకీ తాళాలాయనంటే ఇష్టమే. మీటింగుల్లో ఎవరెంతకాలం బతికారో తెలిపే గీతలు తెర మీద చూపించేటప్పుడు, అందరికంటే దూరం వెళ్ళిన ఆ ఒక్క గీతని పుల్లతో తాకకుండా ఎప్పుడూ ముందుకు వెళ్ళలేదు.

"తప్పు జరిగిందని రాసి పంపుదాం. నేనూ సంతకం పెడతాను. మీ ఒక్కరి తప్పు కాదు, నేనూ పిలిపించి చూడలేదు" అన్నాడు. పత్రం మడిచి, "ఆ డ్రైవరు ఇవాళేనా వచ్చేది?" అన్నాడు.

"ఇవాళేనండీ."

"ఒక్క మనిషి ఉన్నాడా పోయాడా అన్నదాన్ని బట్టి మందు గుణం మారిపోదమ్మా. ఆయనకి ఇది మంచి అవకాశమని నేను నిజంగానే అనుకుంటున్నాను. అసలే బెదిరి ఉన్నాడు. ఆ పెద్దాయన ఫోన్లో మాట్లాడలేరని చెప్పండి చాలు. అబద్ధమేం కాదుగా."

దుర్మార్గుడు కాడు పెద్ద డాక్టరు. అందుకే ఆ మాట ఇంకా కష్టంగా తోచింది. ఫోనమ్మ తన గదికి వచ్చి, డ్రైవరుకి చెప్పాల్సిన వాక్యం మనసులో రెండు మూడు రకాలుగా అనుకుని చూసింది. ఆయన మాట్లాడలేరండీ. ఆయనకి కుదరలేదండీ. ఒక్కోటీ ఎంత సులువుగా వస్తోందో చూసి ఆవిడకే భయమేసింది. ఉన్నారమ్మా, ఆయనెక్కడికి పోతారు అన్న గొంతు కూడా ఇంత సులువుగానే వచ్చింది.

పదకొండింటికి అక్కాతమ్ముళ్ళు వచ్చారు. డ్రైవరు తల దువ్వుకుని, జేబులో కలం పెట్టుకుని వచ్చాడు.

"ఏమన్నాడు మనాయన?" అన్నాడు కూర్చుంటూనే.

"ఆయన లేరండీ. ఏడాదిన్నర దాటిందట పోయి. నాకు నిన్ననే తెలిసింది. మొన్న నేను ఆయనతో మాట్లాడలేదు. భార్యతో మాట్లాడాను. వెనకాల దగ్గు వినిపిస్తే ఆయనే అనుకున్నాను. అది వాళ్ళ చిలక."

మొత్తం చెప్పింది. సొరుగు సంగతి, ఎనిమిది కాగితాలు, పంజరం, పద్దెనిమిది నెలలు, ఏదీ దాచలేదు. పెద్ద డాక్టరుకి ఈ మందు మీద నమ్మకం ఉందన్న మాట కూడా దాచలేదు. చెప్పడం అయ్యేసరికి అక్క గోడ వైపు తిరిగి కూర్చుంది.

డ్రైవరు కుర్చీ వెనక్కి జరిపాడు. ఆయన లేచి వెళ్ళిపోతాడనే అనుకుంది ఫోనమ్మ. పన్నెండు పేజీల కాగితం దగ్గరికి లాక్కుని మూసెయ్యబోయింది.

"ఎనిమిదిసార్లు చెప్పిందా ఆవిడ, ఉన్నాడని?" అన్నాడు.

"ఎనిమిదిసార్లు."

"వార్నీ!" అని నవ్వబోయాడు. నవ్వు దగ్గులోకి దిగింది. అక్క చప్పున ఇటు తిరిగి ఫ్లాస్కు మూతలో వేడినీళ్ళు పోసి ఇచ్చింది. తాగి, ఊపిరి కూడదీసుకుని, "పద్దెనిమిది నెలలు. కొట్టు తెరిచేవాడా అప్పుడు?" అని అడిగాడు.

"ఏడాది పైనే తెరిచారండీ. ఆఖరి రెండు నెలలే కూర్చోలేకపోయారట."

"మా మేనకోడలి కాన్పు ఇంకో ఆరు నెలలకి. అక్కడిదాకా పోతుందంటారా బస్సు?"

"తెలీదండీ."

"ఊఁ. మొన్నటి మూడేళ్ళ మాటకంటే ఈ జవాబు బావుంది" అని జేబులోంచి కలం తీశాడు. ప్రతి పేజీ కిందా పొట్టి సంతకం, చివరి పేజీ మీద పొడుగు సంతకం పెట్టాడు. మధ్యలో రెండుసార్లు ఆగాడు.

ఆఖరున ఇంకో కాగితం మిగిలింది. దాన్ని ముందుకు జరపడానికి ఫోనమ్మకి మనసొప్పలేదు. మందు ఆగిపోయాక, రోగి ఫోను ఎత్తకపోతే ఎవరినడిగి తెలుసుకోవాలో రాసే కాగితమది. పేరు, చుట్టరికం, ఫోన్ నంబరు.

"అక్కయ్యగారి నంబరు రాసుకోమంటారా?"

డ్రైవరు అక్క వంక చూశాడు. అక్క ఆ చూపుకి నిటారుగా కూర్చుంది.

"వద్దండీ. ఈవిడని అడిగితే నేను పోయినా ఉన్నాననే చెబుతుంది. డిపో నంబరు రాయండి. వాళ్ళకి నేను ఉంటే ఎంత, పోతే ఎంత. నిజం చెబుతారు."

"నేనబద్ధాలు చెప్పే మనిషినట్రా?" అంది అక్క.

"కాదక్కా. నీకు నోరు రాదు. అంతే."

అక్క కొంగు కొస వేలికి చుట్టుకుంది, విప్పింది. ఫోనమ్మ ఎదురుచూసింది. డ్రైవరు జేబులు తడుముకున్నాడు. డిపో నంబరు ఆయనకి గుర్తులేదు. డిపోకి ఫోన్ చేసే అవసరం ఆయనకి ఎప్పుడొచ్చింది గనక?

"రాసుకోమ్మా" అంది అక్క.

కళ్ళు మూసుకుని, ఇరవై అయిదేళ్ళుగా ప్రతి సాయంత్రం బండి చేరిందా అని అడగడానికి నొక్కిన ఆ నంబరుని, ఒక్కో అంకె విడిగా, పొల్లు పోకుండా చెప్పింది. ఫోనమ్మ రాసి, ఒకసారి తిరిగి చదివి వినిపించింది. సరిగానే ఉందని ఆవిడ తల ఊపింది.